బోర్డు వచ్చింది సరే, పసుపు వేసే ముందు ఈ లెక్క చూడండి

ఈ ఎండాకాలం పిట్లం, బిచ్కుంద, బాన్సువాడ ఎటు పోయినా చాయ్ హోటళ్ల దగ్గర ఒకటే ముచ్చట. "ఈసారి పసుపు పెడదామా?" అడిగేవాళ్లను తప్పు పట్టలేం. సోయాకు 2025లో కేంద్రం 5,328 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. మనలో చాలామందిమి అంతకంటే తక్కువకే అమ్ముకున్నాం. పత్తిని గులాబీ పురుగు వదలడం లేదు. వడ్లు పండితే తూకం దగ్గర తరుగు. ఇంకోవైపు నిజామాబాద్‌లో పసుపు బోర్డు పెట్టారు. 2024 మార్చిలో అక్కడి యార్డులో క్వింటాలు 18 వేలు దాటిందన్న మాట ఇప్పటికీ ఊరూరా తిరుగుతోంది. ఆర్మూర్, బాల్కొండ రైతులు తరతరాలుగా పండిస్తున్న పంట మనమెందుకు పండించకూడదు అన్నది న్యాయమైన ప్రశ్నే.

మా జవాబు ఇది. పసుపు మన భూముల్లో పండుతుంది. కానీ ధర చూసి విత్తనం కొనడానికి పోతే మునుగుతాం. మొదటి ఏడాది పది గుంటలకు మించి పెట్టొద్దు. ఆ పది గుంటలు కూడా అమ్ముకోవడానికి కాదు, సొంత విత్తనం తయారు చేసుకోవడానికి. ఇది పిరికితనంతో చెప్పే మాట కాదు, ఈ మొక్క తీరే అట్లాంటిది.

పసుపు అల్లం జాతి మొక్క. వానాకాలం చివరికొచ్చేసరికి ఆకుల మధ్య నుంచి కంకి లేచి లేత పసుపు రంగు పూలు పూస్తుంది. చూడటానికి అందంగా ఉంటుంది, కానీ గింజ కట్టదు. ట్రిప్లాయిడ్ రకం కావడమే దానికి కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు. మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఈ పువ్వు నుంచి విత్తనం రాదు, దుంపే విత్తనం. వరి విత్తనం ఎకరాకు పాతిక ముప్పై కిలోలతో సరిపోతుంది. పసుపుకు ఎకరాకు ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల పచ్చి దుంప కావాలి. యార్డుకు పోవాల్సిన సరుకూ అదే, విత్తనమూ అదే. అందుకే యార్డులో ధర లేస్తే విత్తనం ధరా లేస్తుంది. అందరూ ఎగబడే ఏడాది కొత్తగా దిగిన రైతు విత్తనాన్ని అన్నిటికంటే ఎక్కువ ధరకు కొంటాడు. తొమ్మిది నెలల తర్వాత అందరి పంటా ఒకేసారి యార్డుకు చేరుతుంది, అప్పుడు ఏ ధర పలికితే దానికి అమ్ముకుంటాడు. సొంత విత్తనం ఉన్న పాత రైతుకు ఆ దెబ్బ సగమే తగులుతుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2010లో క్వింటాలు 15 వేల దాకా పోయిన పసుపు, 2012 నాటికి 5 వేల లోపుకు జారింది. 2018, 2019లో అయిదారు వేల దగ్గర కొట్టుకుంది. ఎకరాకు ఎండు పసుపు 20 నుంచి 25 క్వింటాళ్లు. విత్తనం, పెంట, కలుపు, తవ్వకం, ఉడకబెట్టడం, రవాణా అన్నీ కలిపితే ఖర్చు లక్షా పాతిక వేల నుంచి లక్షన్నర అవుతుందని మనం వేసుకుంటున్న లెక్క. పాతిక క్వింటాళ్లు 6 వేల చొప్పున అమ్మితే చేతికి లక్షన్నర వస్తుంది. అంటే తొమ్మిది నెలలు ఇంటిల్లిపాదీ చేసిన కష్టానికి సున్నా. ఇరవై క్వింటాళ్లు 5 వేలకు పోతే లక్షే, అప్పు మిగులుతుంది. అదే 12 వేలు పలికితే మూడు లక్షలు. పంట ఒకటే, రైతూ ఒకడే, పడ్డ చెమటా ఒకటే. తేడా అంతా యార్డు గేటు లోపల జరుగుతుంది.

ఆ కడుపుమంటే 2019లో దేశమంతా చూసింది. ఆ ఫిబ్రవరిలో పసుపుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని ఆర్మూర్ ప్రాంత రైతులు జాతీయ రహదారి మీద బైఠాయించారు. ఎవరూ పట్టించుకోకపోతే నామినేషన్లు వేశారు. ఏప్రిల్ 11న జరిగిన నిజామాబాద్ లోక్‌సభ ఎన్నికలో మొత్తం 185 మంది అభ్యర్థులుంటే అందులో 178 మంది రైతులు. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. పసుపు బోర్డు తెస్తామని బాండు పేపరు మీద రాసిచ్చిన పార్టీ ఆ సీటు గెలిచింది. బోర్డు ప్రకటన మాత్రం 2023 అక్టోబర్‌లో గానీ రాలేదు. ప్రారంభం 2025 సంక్రాంతి రోజున, నిజామాబాద్‌లో కార్యాలయ భవనం ప్రారంభం జూన్ 29న. బోర్డు ఎవరి దయాదాక్షిణ్యాలతోనో వచ్చింది కాదు, రోడ్డెక్కిన రైతులు సాధించింది. అది మనకు గర్వకారణం. అయితే ఆ రోజు రోడ్డు మీద అడిగినవి రెండు, బోర్డు, ధర. వచ్చింది ఒకటే.

బోర్డు కొనుగోలు సంస్థ కాదు. కొత్త ఉత్పత్తులు, ఎగుమతి, పరిశోధన, నాణ్యత దాని పనులు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు. ప్రకటన రోజు కేంద్రం చెప్పిన లెక్కలే చూడండి. 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ప్రపంచ ఉత్పత్తిలో అది మూడొంతులు. ఎగుమతి అయింది 1.53 లక్షల టన్నులు. అంటే దాదాపు ఎనిమిది బస్తాల్లో ఒక్కటే దేశం దాటింది, మిగతాదంతా దేశంలోనే. 2030 నాటికి ఎగుమతులు వంద కోట్ల డాలర్లకు చేరుస్తామంటున్నారు. మంచిదే. కానీ మన ధరను తేల్చేది ఎగుమతి ఒక్కటే కాదు. సాంగ్లీ, ఈరోడ్, నిజామాబాద్ యార్డులు, వాయిదా వ్యాపారం, మహారాష్ట్రలో ఆ ఏడాది ఎంత వేశారన్నదీ తేలుస్తాయి. మనకు పక్కనే, మద్నూర్ దాటి దెగ్లూర్ మీదుగా పోతే నాందేడ్, ఆ పైన హింగోలి, బస్మత్. అక్కడ పసుపు ఎంతగా పెరిగిందంటే బస్మత్ పసుపుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పసుపు వేద్దామనుకునే పిట్లం రైతు నిజామాబాద్ ధరతో పాటు హింగోలి విస్తీర్ణం మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి.

ఇక సాగు. పది గుంటలైనా పద్ధతిగా పెడితేనే విత్తనం దక్కుతుంది.

భూమి దగ్గరే సగం తేలిపోతుంది. మన మండలంలో నల్లరేగడీ ఉంది, ఎర్ర చెల్కా ఉంది. పసుపుకు తేమ కావాలి, నిలిచిన నీళ్లు మాత్రం పనికిరావు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లా మీద పడ్డ వానను ఎవరూ మర్చిపోలేదు. అట్లాంటి వానకు నీళ్లు బయటికి పోయే దారి లేని చేనులో పసుపు పెడితే వారం పది రోజుల్లో దుంప కుళ్లి వాసన కొడుతుంది. వరి మడి పక్కన, చెరువు కింద పల్లంలో వద్దే వద్దు. ఎర్ర నేల, మరకట్టు నేల, వాలు ఉన్న నల్ల నేల అయితే సరే. సోయా బాగా వస్తున్న చేనైనా సరే, ముందు మురుగు కాలువ తీయండి. ఎత్తు మడులు చేసి, వీలైతే డ్రిప్ వేసుకోవాలి. బోరు ఫిబ్రవరి దాకా పోయకపోతే ఈ పంట జోలికి పోవద్దు. దుంప ఊరేది వానాకాలం అయిపోయాకే.

విత్తనం కొనేది ఎవరి దగ్గరో అదే ముఖ్యం. దుంపకుళ్లు, దుంప తొలిచే ఈగ విత్తనంతో పాటే ఊరు మారతాయి. ఒక బండెడు పుచ్చు దుంప తెచ్చామంటే ఆ రోగం మన భూమిలో ఏళ్ల తరబడి తిష్ట వేస్తుంది. అందుకే రోడ్డు మీద లారీ ఆపి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. చేను పచ్చగా ఉన్నప్పుడే పోయి చూసిన రైతు దగ్గర కొనండి. ఈ ఏడాది అట్లా చూడలేకపోతే వచ్చే అక్టోబర్‌లో నలుగురు కలిసి ఆర్మూర్, కమ్మర్‌పల్లి వైపు పోయి చేన్లు చూసి మాట్లాడుకుని రండి. ఒక ఏడాది ఆలస్యమైతే కొంపలు మునగవు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రం ఉంది, రకాల సంగతి అక్కడ అడగొచ్చు. పాత దీర్ఘకాలిక రకాలు ఎనిమిది తొమ్మిది నెలలు తీసుకుంటాయి. ప్రగతి లాంటి రకం ఆరు నెలలకే వస్తుంది, కుర్కుమిన్ కూడా ఎక్కువ. బోరు నీళ్ల మీద అనుమానం ఉన్నవాళ్లకు ఇట్లాంటివే నయం.

విత్తనం ఖర్చు తగ్గించే దారి ఒకటుంది, మన దగ్గర ఇంకా పెద్దగా అలవాటు కాలేదు. దుంపను ఒక్కో కన్ను ఉండేట్టు ముక్కలు కోసి, శుద్ధి చేసి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు నింపిన ట్రేలలో నారు పెంచి నెల రోజుల మొక్కను నాటడం. దాదాపు మూడో వంతు విత్తనంతోనే పని అయిపోతుంది. మిరప నారు పెంచే షేడ్‌నెట్ల వాళ్లు మన చుట్టుపక్కల ఉన్నారు, వాళ్లతో మాట్లాడుకుంటే జరిగే పనే.

దుంపలు పెట్టే వాళ్లు లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి అరగంట పైన నానబెట్టి నీడలో ఆరనివ్వాలి. దుక్కిలో ఎకరాకు పది టన్నుల మాగిన పెంట, 200 కిలోల వేపపిండి వేయాలి. ట్రైకోడెర్మాను ఆ పెంటలోనే కలిపి వారం పది రోజులు తడిగుడ్డ కప్పి ఉంచి చల్లితే కుళ్లుకు ముందే అడ్డుకట్ట పడుతుంది. ట్రైకోడెర్మాను, మాంకోజెబ్‌ను మాత్రం ఒకే రోజు దుంపకు పట్టించకండి, మందు ఆ మంచి బూజును చంపేస్తుంది. జూన్‌లో వానలు పడగానే పెట్టాలి. సూపర్ ఫాస్ఫేట్ అంతా దుక్కిలో, యూరియా, పొటాష్ మూడు నాలుగు దఫాలుగా. నిజామాబాద్ రైతులు పసుపులో మక్క వేసుకుంటారు. మక్క కంకి చేతికొస్తే కలుపు కూళ్ల ఖర్చు కొంత వెళ్లిపోతుంది, మొదట్లో పసుపుకు కొంచెం నీడా దొరుకుతుంది. మరీ చిక్కగా వేస్తే మాత్రం మక్కే పసుపును తినేస్తుంది.

నల్ల నేలల వాళ్లకు ఇంకో సంగతి. ఆగస్టు, సెప్టెంబర్‌లో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా తెల్లబారితే అది రోగం కాదు, ఇనుము లోపం. దుకాణానికి పోతే మూడు రకాల డబ్బాలు చేతిలో పెడతారు. వాటితో పని లేదు. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు కొడితే తేరుకుంటుంది. ఆకు మీద కోలగా గోధుమ రంగు మచ్చలు లేస్తే అది తాటాకు తెగులు, దానికి మందు కొట్టాల్సిందే. ఎక్కడైనా మొక్క పసుపు బారి, పట్టి లాగితే సులువుగా ఊడి వస్తే కుళ్లు మొదలైనట్టు. నీళ్లు ఆపి, చుట్టూ ఉన్న మొక్కల మొదళ్లు తడిసేట్టు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయాలి. కుళ్లిన మొక్కను కాలువలో పారేయకండి, ఆ నీళ్లు పక్కవాడి చేనుకే పోతాయి.

జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం. ఇక్కడే పిట్లం రైతుకూ ఆర్మూర్ రైతుకూ అసలు తేడా. వరి కోస్తే ట్రాక్టరులో పోసుకుని పోవచ్చు. పసుపు అట్లా కాదు. తవ్విన రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు కళ్లంలో ఎండబెట్టాలి, డ్రమ్ములో పాలిష్ పట్టాలి. అయిదు క్వింటాళ్ల పచ్చి దుంపకు ఒక క్వింటాలు ఎండు పసుపు. ఉడుకు తక్కువైతే ఎండాక విరుగుతుంది, ఎక్కువైతే రంగు పోతుంది. నురగ లేచి, పసుపు వాసన గుప్పుమని, పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. ఆర్మూర్ వైపు ఆవిరి బాయిలర్లు ఊర్లకే వస్తాయి. మన దగ్గర నలుగురు రైతులు పసుపు తవ్వితే బాయిలర్ ఎవరు తెస్తారు? పాతిక ముప్పై ఎకరాలు ఒక దగ్గర లేకపోతే బాయిలర్ యజమాని మన ఊరి ముఖం చూడడు. చూసినా అడిగినంత ఇవ్వాలి. వేస్తే చుట్టుపక్కల మూడు నాలుగు ఊర్లు మాట్లాడుకునే వేయాలని మేము అంటున్నది ఇందుకే.

ఈ పంటలో కలుపు తీసేది, తవ్విన దుంప ఏరేది, మండ నుంచి కొమ్ములు విరిచేది ఎక్కువగా ఆడవాళ్లే. ఖర్చు లెక్కలో ఇంటి ఆడవాళ్ల కూలి చాలామంది రాయరు. రాయండి. అది కలపకపోతే లాభం వచ్చినట్టు కనిపిస్తుంది, అంతే.

యార్డు సంగతి. కొమ్ముకు ఒక ధర, గోళకు ఒక ధర, చూరకు ఒక ధర. తేమ ఉందని కోత, తూకంలో కడ్తా, హమాలీ, కమీషన్ అన్నీ మన లెక్కలోనే పడతాయి. మన వాళ్లు కొందరు ఒక అడ్తి దుకాణంలో అడ్వాన్సు తీసుకున్న పాపానికి, మిగతా కుప్పలకు పలికిన ధర కంటే తక్కువకు ఇచ్చి రావాల్సి వచ్చింది. ధర రానప్పుడు నిజామాబాద్ రైతులే సాంగ్లీ దాకా మోసుకుపోయిన సంవత్సరాలున్నాయి. ఎండిన పసుపు వడ్ల లెక్క కాదు, పొడి గోదాములో ఏడాది నిలుస్తుంది. నిల్వ పెట్టి, దాని మీద తక్కువ వడ్డీకి అప్పు తీసుకోగలిగితే మార్చిలోనే అమ్మాల్సిన అగత్యం ఉండదు. అట్లాంటి గోదాము బాన్సువాడ డివిజన్‌లో పసుపు కోసం కావాలని అడగాలి.

చెరకు మనకు ఒకసారి నేర్పింది. బోధన్ నిజాం షుగర్స్‌ను నమ్ముకుని ఎన్ని ఊర్లు చెరకు వేశాయి! 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ రైతులు తోటలు ఎక్కడికి తోలుకుపోయారో, ఎంతకు అమ్ముకున్నారో మనకు తెలుసు. పంటకు భూమి ఎంత అవసరమో, దాన్ని సరుకుగా మార్చే చోటు కూడా అంతే అవసరం. ఆ చోటు మన చేతిలో లేకపోతే పంట కూడా మన చేతిలో లేనట్టే.

కౌలు రైతులకు మా మాట గట్టిగానే ఉంటుంది. ఏడాది కౌలు మీద పసుపు వేయకండి. తొమ్మిది నెలల పంట, పైగా విత్తనం, పెంట మీద మొదటి నెలలోనే డబ్బంతా పెట్టాలి. 2011 చట్టం ప్రకారం ఇవ్వాల్సిన సాగుదారు గుర్తింపు కార్డులు ఇవ్వరు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు. ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లోనే బయటికొచ్చింది. భూమి యజమాని రెండేళ్లకైనా కాగితం రాసిస్తేనే ఆలోచించండి.

ఇక పాలకులను అడగాల్సినవి. రాష్ట్రంలో అధికారంలో ఉన్న కాంగ్రెస్ 2022 మే 6న వరంగల్ రైతు డిక్లరేషన్‌లో పసుపుకు క్వింటాలుకు 12 వేలు అని రాసింది. ధర అంతకంటే పడ్డ ప్రతి రోజూ ఆ కాగితం చూపించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో పసుపుకు 6,850 మద్దతు ధర ప్రకటించింది. ఆ అంకె ఖర్చుకు సరిపోదు, కానీ రాష్ట్రం తలుచుకుంటే ప్రకటించవచ్చని అది రుజువు చేసింది. కేంద్రం పసుపును మద్దతు ధరల జాబితాలో చేర్చాలి. సోయా అనుభవం మర్చిపోవద్దు, ధర ప్రకటిస్తే చాలదు, యార్డులో కొనేవాళ్లు ఉండాలి. బోర్డును మనం అడిగేది ఇంకా చిన్న సంగతి. కొత్తగా పసుపు వేస్తున్న మండలాలకు రోగం లేని విత్తనం సబ్సిడీ మీద ఇవ్వాలి, మండలానికొక ఆవిరి బాయిలర్, పాలిష్ యంత్రం రైతుల సంఘం పేరుతో ఇవ్వాలి. బోర్డు పెట్టింది ఎగుమతిదారుల కోసం మాత్రమే కాదని అప్పుడు నమ్ముతాం.

పిట్లం మండలంలో ఈ ఏడాది పసుపు పెట్టాలనుకుంటున్నవాళ్లు మే నెలాఖరులోగా మీ ఊరి సంఘం కమిటీ దగ్గర పేరు, ఎన్ని గుంటలు, నేల రకం, బోరు ఏ నెల దాకా పోస్తుంది, విత్తనం ఎక్కడ తెస్తున్నారు అన్నవి రాయించండి. ఊర్ల వారీగా జాబితా తయారయ్యాక బాయిలర్ కోసం, విత్తనం కోసం దరఖాస్తు పట్టుకుని నిజామాబాద్ బోర్డు కార్యాలయానికి అందరం కలిసి పోదాం. వచ్చేటప్పుడు పట్టా పాస్‌బుక్ జిరాక్స్ వెంట తెచ్చుకోండి. కౌలు రైతులైతే యజమాని రాసిచ్చిన కాగితం తెచ్చినా సరిపోతుంది.